చేతికి బీపీ నార్మల్, కంట్లో రక్తపు మరకలు: తకాయాసు జబ్బులో చూపు కాపాడుకోవడం ఎలా

మా చెల్లికి 22 ఏళ్లప్పుడు మొదలైంది. విశాఖ గాజువాకలో మా డాబా మీద బట్టలు ఆరేస్తూ, క్లిప్పు పెట్టడానికి తల పైకెత్తితే ఎడమ కంటికి బూడిదరంగు తెర దిగినట్టు ఉండేది. చేతులు దించి, తల వంచి కాసేపు నిలబడితే తెర పోయేది. రెండు చీరలు ఆరేసేసరికి చేతులు లాగేసేవి. ఇంటి దగ్గర క్లినిక్కులో బీపీ చూస్తే 100/60. "ఏటమ్మా, పిల్లకి తిండి సరిగ్గా పెట్టట్లేదేటి?" అని మా అమ్మనే తిరిగి అడిగారు. ఐరన్ మాత్రలు రాశారు. కళ్లజోడు రెండుసార్లు మార్చాం. ఆరు నెలలు అలా గడిచిపోయాయి.

చివరికి ఒక కంటి డాక్టరమ్మ చుక్కలు వేసి లోపల చూశారు. చూస్తూ చూస్తూ లెన్సు పక్కన పెట్టి చెల్లి మణికట్టు పట్టుకున్నారు. ఎడమ చేతిలో నాడి దొరకలేదు. కుడి చేతిలో వెతగ్గా వెతగ్గా సన్నగా తగిలింది. కాలికి బీపీ పట్టీ కట్టించారు. పై నంబరు 190. కుడి కంట్లో హైబీపీతో వచ్చే రక్తపు మరకలు. ఎడమ కంట్లో రక్తం చాలక ఉబ్బిపోయిన సిరలు. ఒకే మనిషికి ఒక కంట్లో వరద, ఇంకో కంట్లో కరువు.

నేను డాక్టర్ని కాను. ఫైలు పట్టుకుని చెల్లి వెంట తిరిగిన అక్కని. మీ ఇంట్లో ఎవరికైనా తకాయాసు అని తేలినా, తేలబోతున్నా, కళ్ల విషయంలో ఏం చేయాలో నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించినవి ఇక్కడ రాస్తున్నాను. మందులు, మోతాదులు మాత్రం మీ డాక్టరు చెప్పినట్టే.

ముందుగా జబ్బు ఎక్కడుందో తెలుసుకోండి

గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని, దాని కొమ్మలు, వాటి గోడలకు వాపు రావడమే ఈ జబ్బు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఆ గోడల మీద పడుతుంది. గోడ మందమై లోపలి దారి ఇరుకవుతుంది. పెద్ద రక్తనాళాలకొచ్చే వాపుల్లో 50 దాటిన వాళ్లకొచ్చేది వేరు, దాన్ని జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ అంటారు. అందులో కంటి నరానికి రక్తం ఉన్నట్టుండి ఆగిపోయి చూపు పోవచ్చు. తకాయాసు మాత్రం ఎక్కువగా 40 లోపు వాళ్లకు, అందులోనూ ఆడపిల్లలకు వస్తుంది. కంటిని చాలావరకు నెమ్మదిగా, నెలల తరబడి ఎండగడుతుంది. నెమ్మది కాబట్టే కళ్లజోడు నంబరు మారిందనుకుని మోసపోతాం.

ఈ జబ్బు పేరు ఒక కంటి డాక్టరుది. 1908లో జపాన్‌లో మికిటో తకాయాసు అనే ఆయన 21 ఏళ్ల అమ్మాయి కంట్లో, నరం మొదట్లో, సన్నటి రక్తనాళాలు దండలా ఒకదానికొకటి కలిసిపోయి ఉండటం చూసి తోటి డాక్టర్లకు చెప్పారు. అలాంటి కళ్లున్న వాళ్లకు చేతిలో నాడి దొరకడం లేదని ఇంకో ఇద్దరు డాక్టర్లు చెప్పారు. అంటే ఈ జబ్బు మొదట బయటపడిందే కంట్లో. అయినా మా చెల్లిని ఆరు నెలలు కళ్లజోళ్ల షాపుకే తిప్పాం.

కంటికి దెబ్బ మూడు దారుల్లో వస్తుంది. మెడలోంచి పైకెళ్లే నాళాలు ఇరుకైతే కంటికి రక్తం చాలదు. కిడ్నీకి వెళ్లే నాళం ఇరుకైతే బీపీ విపరీతంగా పెరిగి రెటీనాను, అంటే కంటి వెనక బొమ్మ పడే పొరను, పాడుచేస్తుంది. మన దేశంలో ఈ రెండో రకం బాగా కనిపిస్తుంది. మూడోది మనం వాడే మందుల వల్ల వచ్చేది, దాని సంగతి తర్వాత చెప్తాను. మూడో అంతస్తు కుళాయిలో నీళ్లు సన్నగా వస్తుంటే కుళాయి మార్చం కదా, కింద పైపు చూస్తాం. ఇదీ అంతే.

ఈ మాటలు వినబడితే వదిలేయకండి

చిన్న వయసు వాళ్లు "చూపు తగ్గింది" అని అనరు. "ఫోన్ ఎక్కువ చూశానేమో" అంటారు. కాబట్టి మీరే అడగాలి. మంచం మీంచి లేవగానే కళ్లు బైర్లు కమ్ముతున్నాయా? అటక మీది డబ్బా తీయడానికి తల ఎత్తితే మసకేస్తోందా? ఒక కంటికి తెర దిగి రెండు మూడు నిమిషాల్లో పోతోందా? బీచ్ రోడ్డు ఎండలోంచి ఇంట్లోకొచ్చాక ఒక కన్ను మామూలవడానికి చాలాసేపు పడుతోందా? ఈ చివరిది మా చెల్లి చాలా రోజులు చెప్పనే లేదు, అందరికీ అంతే అనుకుంది. రక్తం తక్కువగా అందే కంటికి, వెలుగు దెబ్బ నుంచి తేరుకోవడం ఆలస్యమవుతుంది.

కంటితో సంబంధం లేనట్టు కనిపించేవీ అడగండి. జడ వేసుకుంటుంటే, బోర్డు మీద రాస్తుంటే చేతులు లాగేయడం, మెడ పక్కన నొక్కితే నొప్పి, వదలని సన్నటి జ్వరం, బరువు తగ్గడం. ఇవన్నీ ఒక్కోటిగా చూస్తే ఏమీ కావు. కంటి మసకతో కలిపి చూస్తే చాలా చెప్తాయి.

బీపీ నాలుగు చోట్లా తీయించండి

ఈ మొత్తంలో మీకు ఒక్కటే గుర్తుండాలంటే ఇది గుర్తుండాలి. చేతికి వెళ్లే నాళం ఇరుకైతే ఆ చేతిలో బీపీ తక్కువగా కనిపిస్తుంది. గుండె దగ్గర, కిడ్నీ దగ్గర, కంటి దగ్గర అసలు బీపీ ఎంతో పైన ఉండొచ్చు. మిషన్ తప్పు చెప్పదు, ఆ చెయ్యి తప్పు చెప్తుంది. 100/60 చూసి మా చెల్లికి ఉప్పేసిన మజ్జిగ తాగించాం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మొదటిసారి ఆసుపత్రిలోనే రెండు చేతులకు, రెండు కాళ్లకు తీయమని అడగండి. "అన్నింటికీ ఎందుకమ్మా" అని విసుక్కునే వాళ్లుంటారు. "తకాయాసు అనుమానం ఉందండీ" అనండి, తీస్తారు. రెండు చేతుల మధ్య పై నంబరులో 10కి మించి తేడా ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. మామూలు మనిషికి పడుకున్నప్పుడు చీలమండ దగ్గర బీపీ చేతితో సమానంగానో, కొంచెం ఎక్కువగానో ఉంటుంది. కాలిది చాలా ఎక్కువుంటే చేతుల నాళాలు ఇరుకయ్యాయేమో చూడాలి. కాలిదే తక్కువుంటే పొట్టలోని పెద్ద ధమని ఇరుకయ్యిందేమో చూడాలి.

స్కాన్ అయ్యాక డాక్టర్ని సూటిగా అడగండి: "మా అమ్మాయికి బీపీ ఎక్కడ చూస్తే నిజం తెలుస్తుంది?" సీటీ యాంజియో గానీ ఎమ్మార్ యాంజియో గానీ (రక్తనాళాల స్కాన్లు) చూసి ఏ చెయ్యో ఏ కాలో వాళ్లు చెప్పగలరు. కొందరికి నాలుగూ ఇరుకై ఉంటాయి. అప్పుడు రక్తనాళం లోపలికి ట్యూబు పంపి కొలవాల్సి రావచ్చు. ఆ జవాబును ఫైలు మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో రాసుకోండి. మా ఫైలు మీద "కుడి కాలు" అని ఉంటుంది. చూసినవాళ్లు ఎముకల డాక్టరు ఫైలనుకుంటారు.

ఇంట్లో తీసేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టి ఐదు నిమిషాలు ఆగండి. అంతకు ముందు అరగంట కాఫీ, టీ వద్దు. చేతికి వాడే పట్టీనే చీలమండ ఎముకకు రెండు వేళ్ల పైన చుట్టండి. మాట్లాడొద్దనండి. రెండుసార్లు తీసి రెండూ రాయండి. నాడి బలంగా లేనిచోట ఆటోమేటిక్ మిషన్ ఎర్రర్ చూపిస్తుంది. అది కూడా "రాలేదు" అని రాయండి. నిన్నటిదాకా వచ్చిన చోట ఇవాళ రాకపోతే అదొక కబురే.

ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది. కాలికి 190 చూసి కంగారుపడి మీరే బీపీ మాత్ర రెండో డోసు వేయకండి. మెడ నాళాలు ఇరుకైన వాళ్లకు బీపీ ఒక్కసారిగా పడిపోతే, ఉన్న కొంచెం రక్తం కూడా కంటికి, మెదడుకు ఎక్కదు. వరద తగ్గించబోయి కరువు తెచ్చుకున్నట్టవుతుంది. ఎంతకు దించాలి, ఎన్ని రోజుల్లో దించాలి అనేది గుండె డాక్టరు, రుమటాలజిస్టు (ఇలాంటి వాపు జబ్బులు చూసే డాక్టరు) మాట్లాడుకుని తేల్చాల్సిన లెక్క.

ఇంట్లో చూపు పరీక్ష, వారానికోసారి

గోడకున్న తెలుగు క్యాలెండర్ చాలు. అందులో పెద్ద తేదీలుంటాయి, వాటి కింద తిథి, నక్షత్రం చీమల్లా ఉంటాయి. ప్రతిసారీ ఒకే చోట, ఒకే లైటు కింద కూర్చోవాలి. కళ్లజోడుంటే పెట్టుకునే ఉండాలి. అరచేత్తో ఒక కన్ను మూసి, నొక్కకుండా, ఏ గీత దాకా చదవగలుగుతున్నారో చూడండి. తర్వాత రెండో కన్ను. రెండు కళ్లతో కలిపి చూస్తే బాగున్న కన్ను పాడైన కంటి తప్పును కప్పేస్తుంది. చెల్లి ఎడమ కన్ను ఎంత తగ్గిందో మాకు తెలియకపోవడానికి కారణం అదే.

గళ్ల నోట్‌బుక్ పేజీ మధ్యలో ఒక చుక్క పెట్టి, ఒక్కో కంటితో ఆ చుక్కనే చూడమనండి. చుట్టూ గీతలు వంకరపోయినా, ఒకచోట గళ్లు మాయమైనా రాసుకుని కంటి డాక్టరుకు చూపించండి. స్టెరాయిడ్లు వాడుతున్నప్పుడు కొందరికి రెటీనా కింద నీరు చేరి ఇలా అవుతుంది.

కంటి ఆసుపత్రికి వెళ్లే రోజు

విశాఖలో కంటికి దారులున్నాయి. ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. మిగతా ఒంటికి మహారాణిపేటలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఉంది, ప్రైవేటువీ ఉన్నాయి. చిక్కల్లా కళ్లు ఒకచోట, నాళాలు ఇంకోచోట చూపించుకోవడంలో ఉంది. అక్కడి కాగితం ఇక్కడికి దానంతటది రాదు. మీరే మోయాలి. స్కాన్ రిపోర్టు, చివరి ఈఎస్ఆర్, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చూపే రక్తపరీక్షలు), మందుల చీటీ, నాలుగు చోట్ల బీపీ రాసిన పేజీ, ఇవి జిరాక్సు తీసి కంటి డాక్టరు బల్ల మీద పెట్టండి. తిరిగొచ్చేటప్పుడు కంటి రిపోర్టు కాపీ అడిగి రుమటాలజిస్టుకు ఇవ్వండి. రక్తపరీక్షలు నార్మల్‌గా ఉన్నా నాళాల్లో వాపు నడుస్తూనే ఉండొచ్చు. కంట్లో కొత్త మార్పు కనిపించిందంటే ఆ కబురు వాళ్లకు చాలా విలువైనది.

ఓపీలో కూర్చోగానే మొదటి మాటగా "కళ్లు మసకండీ" అనకండి. కళ్లజోడు టెస్టుకు పంపేస్తారు. "తకాయాసు ఉందండీ, చుక్కలు వేసి రెటీనా చూడాలి, కంటి ప్రెషరు చూడాలి" అనండి. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు దగ్గరవి కనబడవు, ఎండ గుచ్చుతుంది. బండి మీద వెళ్లొద్దు. నల్లద్దాలు, తోడు ఒకరు తప్పనిసరి.

అవసరమైతే రంగు ఇంజెక్షన్ ఇచ్చి ఫొటోలు తీస్తారు. ఫ్లోరెసిన్ యాంజియోగ్రామ్ అంటారు. చేతి సిరలోకి పచ్చటి రంగు ఎక్కిస్తారు, అది కంటికి చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. మెడ నాళాలు ఇరుకైతే ఆలస్యంగా చేరుతుంది. మా చెల్లి ఫొటోల్లో కుడి కన్ను వెలిగాక ఎడమ కన్ను ఇంకా చీకటిగానే ఉంది. కంప్యూటరు తెర మీద ఆ రెండూ పక్కపక్కన చూశాకే మా నాన్నకు జబ్బేమిటో అర్థమైంది. రంగు ఎక్కినప్పుడు కొన్ని క్షణాలు వాంతి వచ్చేలా ఉంటుంది. ఒళ్లు కాస్త పసుపుగా మారుతుంది. మూత్రం ఒకటి రెండు రోజులు ముదురు పసుపుగా పోతుంది. కామెర్లని భయపడకండి. ఎలర్జీలు, కిడ్నీ సమస్య, గర్భం ఉంటే ముందే చెప్పాలి.

రక్తం చాలని కన్ను ఊరుకోదు, బలహీనమైన కొత్త నాళాలు పుట్టించుకుంటుంది. అవి పగిలితే కంట్లో రక్తం నిండుతుంది. నల్లగుడ్డు చుట్టూ పెరిగితే నీరు పోయే దారి మూసుకుపోయి నీటికాసులు (గ్లాకోమా) వస్తాయి, అది మొండిది. అందుకే లేజర్ చేస్తారు, కంట్లోకి ఇంజెక్షన్ ఇస్తారు. వాటికి ఒప్పుకోండి. అవి చూపు నిలబెట్టడానికే గానీ పైపు బాగుచేయడానికి కాదు. మెడ నాళానికి బెలూన్ వేయాలా, బైపాస్ చేయాలా అన్నది వేరే నిర్ణయం. సాధారణంగా మందులతో వాపు చల్లబడ్డాకే చేస్తారు, మండుతుండగా చేస్తే మళ్లీ మూసుకుపోయే అవకాశం ఎక్కువ.

మందులు, కళ్లు

స్టెరాయిడ్ మాత్రలు ఈ జబ్బుకు మొదటి మందు. ముఖం ఉబ్బుతుంది, మొటిమలొస్తాయి, పెళ్లికొచ్చిన పిన్ని "ఏంటే ఇంత లావయ్యావు" అంటుంది. ఆ ఒక్క మాటకు మా చెల్లి నాలుగు రోజులు మాత్రలు మానేసింది. ఉన్నట్టుండి మానితే ఒళ్లు కుప్పకూలుతుంది, వాపు తిరగబడుతుంది. తగ్గించడం డాక్టరు లెక్క ప్రకారమే, మెట్టు మెట్టుగా.

అవే మాత్రలు ఎక్కువకాలం వాడితే చిన్న వయసులోనే శుక్లం రావచ్చు, కంటి ప్రెషరు పెరగొచ్చు. ప్రెషరు పెరిగినట్టు మనకు తెలియదు, నొప్పుండదు. స్టెరాయిడ్ మొదలైన కొన్ని వారాలకే మొదటిసారి, తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు కొలిపించాలి. మాకు మొదట మూడు నెలలకోసారి అన్నారు, ఇప్పుడు ఆరు నెలలకోసారి. శుక్లం వచ్చినా భయం లేదు, ఆపరేషన్ ఉంది. పెరిగిన ప్రెషరును వదిలేస్తే నరం పోతుంది, దానికి ఆపరేషన్ లేదు.

మెథోట్రెక్సేట్ (రక్షణ వ్యవస్థ జోరు తగ్గించే మందు) రాస్తే అది వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. మేం క్యాలెండర్‌లో ప్రతి ఆదివారం చుట్టూ గీత గీసి పెట్టుకున్నాం. గర్భం ధరిస్తే బిడ్డకు హాని చేసే మందు కూడా ఇదే. పెళ్లి మాటలు నడుస్తుంటే సిగ్గుపడకుండా డాక్టరుతో ముందే మాట్లాడండి, మందు మార్చడానికి సమయం కావాలి.

వాపును అణిచే టోసిలిజుమాబ్ లాంటి ఇంజెక్షన్లకు ముందు ఒంట్లో దాగి ఉన్న టీబీ ఉందేమో చూస్తారు. నిజంగానే టీబీ తేలి మందులు మొదలుపెడితే, అందులో ఇథాంబ్యుటాల్ అనే మాత్ర కంటి నరం మీద పనిచేయగలదు. ఎరుపు వెలిసినట్టు కనిపించడం దాని తొలి గుర్తుల్లో ఒకటి. కాబట్టి మొదలుపెట్టే ముందే రంగుల చూపు పరీక్ష చేయించి పెట్టుకోండి.

మనది తుపానుల ఊరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, మందుల షాపులు తెరవలేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో రెండు వారాల స్టెరాయిడ్, బీపీ మాత్రలు అదనంగా ఇంట్లో ఉంచుకోండి. ఫ్రిజ్‌లో పెట్టాల్సిన ఇంజెక్షన్ ఉంటే కరెంటు పోయినప్పుడు ఎక్కడ దాచాలో ముందే అనుకోండి.

ఆ రోజే పరిగెత్తాల్సినవి

ఒక కంటి చూపు ఉన్నట్టుండి పోతే, తిరిగొచ్చేసినా సరే, ఆ రోజే వెళ్లాలి. "వచ్చేసిందిగా" అనుకోవడమే పెద్ద పొరపాటు. చూపుతో పాటు మాట తడబడినా, మూతి వంకరపోయినా, చెయ్యో కాలో పడిపోయినా కంటి ఆసుపత్రికి కాదు, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి. కన్ను ఎర్రబడి, నొప్పి, వాంతులు, లైటు చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే రాత్రైనా ఆగొద్దు. నమ్మదగిన చోట తీసిన బీపీ 180 దాటి, తలనొప్పి గానీ మసక గానీ ఉంటే కూడా అంతే. మందుల షాపులో అడిగి కంటి చుక్కలు వేయడం, కంట్లో పసరు పిండించడం, రెండూ వద్దు.

చెల్లి ఇప్పుడు మద్దిలపాలెంలో ఉద్యోగం చేస్తోంది. ఎడమ కంటి చూపు కొంత పోయింది, మిగిలింది నిలబడింది. ఫోన్ కవరు వెనక ఒక చిన్న కాగితం పెట్టుకుంటుంది. అందులో మూడు లైన్లుంటాయి: "నాకు తకాయాసు ఉంది. స్టెరాయిడ్ వాడుతున్నాను, ఆపకండి. బీపీ చేతికి చూడకండి, కుడి కాలికి చూడండి." కింద నా నంబరు.